నడిమి గోడకు ముఖం పెట్టిన బండి

ఒకటి

ఈ ఉదయం ఎండాకాలపు మూత పడింది. ముందు వీధి తలుపు, తరువాత కిటికీ రేకులు, అన్నిటికన్నా చివర దొడ్డి తలుపు. ఏటా ఇదే వరస. దొడ్డి రేకు దిగుతుంటే తిరపతమ్మ గడపలో నిలబడి, కింద చారెడు వెలుగు మిగిలేదాకా, అదీ పోయేదాకా చూస్తుంది. తరువాత పొయ్యి దగ్గరికి పోయి గిన్నెలు అటువి ఇటు పెడుతుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆ కాసేపు మాత్రం నేను ఆమె దగ్గరికి పోను.

ఇక ఎండలు దిగేదాకా మేమిద్దరం, ఈ గోడలు. తిండి గోడ అరలోకి వస్తుంది. చలవ పెట్టెలోని పంపు తోస్తే చలవ పై గొట్టంలోంచి వస్తుంది. రాత్రయినా తలుపు తెరుచుకోదు. బయట రోడ్డు తెల్లారేదాకా కాలుతూనే ఉంటుంది.

మూత నడిపే నీడ ఆఫీసు గొంతు రోజూ గోడలోంచి ఇంటింటినీ పలకరిస్తుంది. మాట్లాడలేనివాళ్లు పలక మీద రాయొచ్చంటారు. నాకు మనుషులతోనే మాటలు రావు, గోడతో ఏం మాట్లాడను? అందుకని రాస్తాను. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే సర్దుకోండి.

ఇంటికొక మూతపని ఉండాలని రూలు. పని లేని ఇళ్లలో మనుషులు రేకులు గీకుతారు, ఒకరి మీద ఒకరు పడతారు. అలాంటి ఇల్లు ఈ వీధిలోనే ఒకటి ఉండేది. తిరపతమ్మ చాపలు అల్లుతుందనీ, నేను బండి బాగుచేస్తాననీ ఈ ఏడు కూడా రాయించాను.

బండి అంటే పాత అంబాసిడరు. సున్నపు బట్టీ మూసేసినప్పుడు అక్కడ దాని లోపల కోళ్లు గుడ్లు పెట్టుకుంటుంటే అడిగి తెచ్చుకున్నాను. అప్పటికి మా వీధి తలుపు వెడల్పుగా ఉండేది. బట్టీ వాళ్లందరూ తోసి, ముఖం ముందుగా హాల్లోకి ఎక్కించారు. అప్పటినుంచి అది నడిమి గోడ వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆ గోడకు అవతల మస్తాన్‌బీ ఇల్లు.

రెండు

ఇంజను హెడ్డు దించాను. వాల్వులు రుద్దాను. రింగులు కొత్తవి దొరకవు కాబట్టి రెండు పాత ఇంజన్లవి ఏరి వేశాను. పెట్రోలు ఎవరి దగ్గరా లేదు. సామాను కడుక్కోవడానికి ఆఫీసు ఇచ్చే స్పిరిట్టుతోనే నడవాలని కార్బురేటరు జెట్లు కొంచెం పెద్దవి చేశాను. ఇవన్నీ చేతితో తిప్పి చూడటమే. మూసిన ఇంట్లో ఇంజను ముట్టించకూడదు, పొగకు చచ్చిపోతాం. మూత తీశాక వీధి గోడ విప్పించి, వెనక్కి తోసి, ఆరుబయట స్టార్టు చెయ్యాలి. అది పలుకుతుందో లేదో నాకు ఇంతవరకు తెలియదు.

ఈ వీధి ఆడవాళ్లు ఇంటికీ ఇంటికీ మధ్య గోడలో గుప్పెడంత కన్నం తొలిచి గొట్టం దూర్చుకున్నారు. ఆఫీసుకు తెలుసు, ఏమీ అనదు. మాటలు అందులోంచే. మస్తాన్‌బీ ఒంటరిది. పెనిమిటి సైదులు పోయి చాలాకాలమైంది. బొంతలు కుడుతుంది. వయసులో ఉండగా బస్సు కండక్టరు, ఆ గొంతు ఇంకా తగ్గలేదు.

ఈ పూట నేను బండి కింద ఉన్నాను.

"వదినా, మీ ఆయన ఉన్నాడా, బండిలో కలిసిపోయాడా?"

"ఉన్నాడమ్మా. దాని కింద కాళ్లు కనపడతన్నయ్."

"ఇన్నేళ్లాయె, ఆ మనిషి గొంతు నేను వినలా. ఉందా అసలు?"

"ఉంది. కూరలో ఉప్పెక్కువైతే వినపడుద్ది."

ఇద్దరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది కాని పైకి రానివ్వలేదు. అవతల పరాయి ఆడమనిషి ఉండగా మాట్లాడాలంటే నాకు నాలుక మడతపడుతుంది. చిన్నప్పటినుంచీ అంతే.

మూడు

చేతిలోని పానా జారి నడిమి గోడ గొట్టం కింద పడితే తీసుకోవడానికి వంగాను. గొట్టంలోంచి వచ్చే గాలి చెంపకు తగిలింది. వేడిగా ఉంది. ఒంటరి మనిషి ఇల్లు కాబట్టి ఆ వైపు గాలి ఎప్పుడూ మా కన్నా చల్లగా ఉండేది. చెయ్యి పెట్టి చూశాను. పొయ్యి వేడి కాదు, మనిషికి జ్వరం వస్తే వచ్చే వేడి.

తిరపతమ్మను పిలిచి చెయ్యి పెట్టమన్నాను. ఆమె చెయ్యి పెట్టి, నోరు దగ్గరగా ఆనించి అడిగింది.

"మస్తాన్‌బీ, నీ చలవ పెట్టె బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"గాలి వేడిగా వస్తందే?"

"పొయ్యి మీద పాలు పెట్టాన్లే."

పాల వాసన లేదు. పైగా మస్తాన్‌బీ అంతటితో ఊరుకుంది. రెండు మాటలకు ఊరుకునే మనిషి కాదు.

ఇక్కడ పెట్టె మొరాయిస్తే ఎవరూ చెప్పరు. ఫిర్యాదు పెడితే ఆఫీసు ముందు చలవ ఆపేస్తుంది, ఆ తరువాత మనిషి వచ్చి చూస్తాడు. మూతలో మనిషి ఎక్కడినుంచి వస్తాడు? వాళ్ల బండ్లు ఈ ఎండకు కదలవు. అందుకని కుంటుతూ నడిచే పెట్టెతోనే మూత ఈదుతారు. అడిగితే బాగానే ఉందంటారు. అలా అనడం ఒక మర్యాద కూడా అయిపోయింది.

నాలుగు

ఈ ఉదయం తిరపతమ్మ గొట్టం దగ్గర కూర్చుని కదలలేదు. చాప కూడా పక్కన పడేసింది.

"నాకాడ దాస్తే దాచావుగాని, నీ పెట్టె ఎట్టా అరుస్తందో ఒక్కసారి మాకు వినిపించు."

కాసేపటికి మస్తాన్‌బీ పెట్టె మూత తీసి, పీటతో సహా దాన్ని గొట్టం దగ్గరికి జరిపింది కాబోలు, చప్పుడు వినపడింది. గరగర. మధ్యలో కీచుమని ఒక అరుపు. పంపు బేరింగు పోయింది. నా బండి నీళ్ల పంపు కోసం దాచుకున్న బేరింగు అదే కొలత. దాన్ని సంపాదించడానికి మూడు మూతలు ఆగాను.

నేను తిరపతమ్మ చెవిలో చెప్పాను, ఆమె గొట్టంలో చెప్పింది.

"ముందు పంపు మీది నాలుగు నట్లు విప్పమను."

"నాలుగు నట్లు విప్పంటన్నాడు."

"ఆయన గొణుగుడు వినపడతంది వదినా. పక్కనేగా ఉంది, ఆయనే చెప్పొచ్చుగా, మధ్యలో నువ్వెందుకు?"

తిరపతమ్మ నా వంక చూసింది. నేను బండి వంక చూశాను.

"ఆయనకి అట్టా అలవాటు," అంది.

బేరింగుకు దారం కట్టి గొట్టంలో తోశాం. అవతల పట్టుకుంది. నట్లు విప్పడానికి పానా కూడా పంపాం. మధ్యాహ్నానికల్లా బిగించింది. గరగర పోయింది. గొట్టంలో గాలి చల్లబడింది.

"కేశవులన్నా, నీ బండి సామాను తినేశాను," అంది మస్తాన్‌బీ.

పరవాలేదు అందామనుకున్నాను. తిరపతమ్మ నా తరఫున అంది.

ఐదు

బేరింగు నిలవలేదు. పంపు ఇరుసు అరిగిపోయి ఉంది. అందులో బేరింగు వదులై తిరిగి, వేడెక్కి మాడిపోయింది. నేను ఇరుసు చూడలేదు కదా. గోడ అవతల ఉన్నదాన్ని చెవితో ఎంతవరకని చూస్తాను?

పెట్టె ఆగి ఆగి నడుస్తోంది. మస్తాన్‌బీ గొంతులో ఖంగు తగ్గి పొడిదనం వచ్చింది. తిరపతమ్మకు అది వింటూ కూర్చోవడం చేతకాలేదు. నాకు చెప్పకుండా ఆఫీసును పిలిచి, పక్కింటి పెట్టె పాడైందని, మనిషి ప్రాణం మీదికి వచ్చిందని చెప్పింది. అలా చెబితే చలవ ఆపరనుకుంది. ఆ గొంతు చాలా మర్యాదగా జవాబిచ్చింది.

"మీ ఫిర్యాదు అందింది. భద్రత కోసం ఆ ఇంటి చలవ నిలిపివేస్తున్నాం. ఎండ పసుపుకు దిగగానే మా మనిషి వస్తారు. మీ సహకారానికి వందనాలు."

ఆఫీసు ఎండను రంగులతో కొలుస్తుంది, ఇప్పుడు ఎరుపులో ఉంది. అది పసుపుకు దిగేది ఇక మూత తీసే వేళకే.

గోడ అవతల పెట్టె చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. తిరపతమ్మ గోడకు వీపు ఆనించి అలాగే కిందికి జారి కూర్చుంది.

"కుంటుతా అన్నా నడిచేది. నేను దాని గొంతు నొక్కాను."

"ఊరుకో," అన్నాను.

మా చలవ గొట్టానికి బండి పాత ట్యూబు తగిలించి, దాని కొస నడిమి గోడ గొట్టంలోకి దూర్చాను. కొంచెం చలవ అటు పోతోంది. మస్తాన్‌బీ అవతల నేలమీద పడుకుని ముఖం ఆ గొట్టానికి ఆనించిందట. ఆ గుప్పెడు గాలితోనే ఉంది. ఇల్లంతటికీ అది ఎక్కడ సరిపోతుంది?

ఆరు

ఉలి, సుత్తి పట్టుకుని గోడ మీద పడ్డాను. నాపరాళ్లు, వాటి మధ్య సిమెంటు. ఒక రాయి మూల పగలడానికి పొద్దు సగం పోయింది. తిరపతమ్మ కొట్టింది, నేను కొట్టాను. నా మణికట్టు వాచింది. ఇలా అయితే మనిషి పట్టే దారి ఎప్పటికి పడుతుంది? మస్తాన్‌బీ ఇప్పుడు అడిగిన మాటకు జవాబివ్వడానికి చాలాసేపు తీసుకుంటోంది.

చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగి బండికి ఆనుకున్నాను. బంపరు నా మోకాలికి తగిలింది. బండి ముఖం ఎటుందో రోజూ చూస్తూనే ఉన్నాను. ఇప్పుడే చూసినట్టయింది.

బండితోనే గోడ తోసేద్దామని తిరపతమ్మకు చెప్పాను.

"మరి పొగో?"

"ఒక్క నిమిషం. గోడ పడగానే ఆపుతా."

"స్టార్టవుద్దా?"

"తెలవదు."

"నీళ్ల పంపులో బేరింగే లేదుగా."

"ఆ కాసేపటికి నీళ్లు తిరగక్కర్లా."

ఆమె ఇంకేం అడగలేదు. గోడ దగ్గరి చాపలు, గిన్నెలు తీయడం మొదలుపెట్టింది. అప్పుడు గొట్టంలోంచి మస్తాన్‌బీ గొంతు వచ్చింది. సన్నగా ఉంది కాని మాట తడబడలేదు.

"అన్నీ వింటన్నా. ఆ పని చెయ్యబాకండి వదినా. గోడ పగిలితే చిల్లి ఇల్లని రాసి మీ చలవ పావుకి కోస్తారు. ఇప్పుడు పోయేది ఒక్కదాన్ని. అప్పుడు ముగ్గురం."

"నువ్వు ముందు ఆడ్నించి లేచి అవతలికి పో."

"పోను. నేనీడ పడుకునుంటే మీ ఆయన బండి తియ్యడు. పలకడుగాని ఆ మాత్రం మనిషే."

తిరపతమ్మ తిట్టింది, బతిమాలింది, చచ్చిన సైదులు మీద ఒట్టు పెట్టింది. మస్తాన్‌బీ ఒట్టు తీసి గట్టున పెట్టమంది. తిరపతమ్మ గొంతు బొంగురుపోయింది.

మనిషి తల నా బంపరుకు సరిగ్గా ఎదురుగా, రాయి అవతల ఉంది. అక్కడినుంచి కదలమంటున్నది ఆమెకు మిగిలిన చలవ దగ్గరినుంచే. నేను బండి ముందు కూర్చుండిపోయాను.

ఏడు

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆఫీసు వాళ్లు అడుగుతారు కాబట్టి.

కార్బురేటరులో స్పిరిట్టు పోశాను. నున్నటి నాపరాయి నేల మీద చక్రాలు జారతాయని వెనక చక్రాల కింద గోనెలు పరిచాను. బ్యాటరీకి ఇంజనును తిప్పేంత బలం లేదు, ప్లగ్గులకు నిప్పు మాత్రం ఇస్తుంది. ముందు బంపరు సందులోంచి హ్యాండిలు దూర్చి తిప్పాను. మస్తాన్‌బీ ఒప్పుకోలేదు, అయినా తిప్పాను. ముందు అది పలుకుతుందో లేదో తేలితే తరువాత సంగతి చూడొచ్చు అనుకున్నాను.

తిప్పాను. ఏమీ లేదు. చోకు కొంచెం లాగి తిప్పాను. ఒక దగ్గు. ఇంకోసారి తిప్పితే హ్యాండిలు ఎదురుకొట్టి నా వాచిన చెయ్యి అదిరింది. మరోసారి తిప్పాను.

అందుకుంది.

ఇల్లంతా ఒక్కసారి నిండిపోయింది, ముందు చప్పుడుతో, వెంటనే పొగతో. తుప్పు పట్టకుండా సిలిండర్లలో ఏటా నూనె పోస్తూ వచ్చాను కదా, అదంతా తెల్లగా కాలుతోంది. నేను లెక్కలోకి తీసుకోనిది అదే. నిమిషం కాదు, పది లెక్కపెట్టేలోగా తిరపతమ్మ కనపడటం మానేసింది. దగ్గు వినపడుతోంది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ మూలకు చేరింది. తల ఆనించడానికి చల్లని చోటు లేదు, బయటికి పోవడానికి తలుపు లేదు.

ఇంజను ఆపుదామని బండెక్కి తాళం మీద చెయ్యి వేశాను. ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదో. నా చేతిలో మళ్లీ తిప్పే బలం లేదు.

కిందికి దిగి, గొట్టం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. ట్యూబు పీకేశాను.

"మస్తాన్‌బీ. నేను కేశవుల్ని."



"అన్నా," అంది. "గొంతుందే నీకు."

"మా ఇంట్లో పొగ నిండింది. ఇంజను ఆపలేను. తిరపతమ్మకి ఊపిరాడటంలా. మాకు పోటానికి ఇంకో ఇల్లు లేదు." దగ్గు వచ్చింది, ఆగాను. "నీ ఇంట్లోకి రానిస్తావా?"

ఇది ముందుగా అనుకున్న మాట కాదు. ఆమెను కదిలించడానికి వేసిన ఎత్తు కూడా కాదు. నిజంగానే అడిగాను. నా జన్మలో ఒకరి ఇంటికి పిలవకుండా పోలేదు, రానియ్యమని అడగనూ లేదు.

"ఎంతమాటన్నా!" అంది. ఆ పొడి గొంతులో ఎక్కడినుంచి వచ్చిందో పాత కండక్టరు కేక వచ్చింది. "దానికి అడగాలా? రండి, రండి. వదిన్ని ముందు పట్టుకో. నేను వంటింట్లోకి జరుగుతన్నా."

"చేరినాక గిన్నె కొట్టు."

నేలమీద మనిషి ఈడ్చుకుంటూ పోయే చప్పుడు. ఇంజను మోతలో అదీ పోయింది. నేను పోయి సీటులో కూర్చుని క్లచ్చి తొక్కి పట్టుకున్నాను. కళ్లు మండి నీళ్లు కారుతున్నాయి. ఎక్కేముందే తిరపతమ్మను వెనక తలుపులోంచి లోపలికి ఎక్కించాను. ఆమె సీటు మీద పడి దగ్గుతూనే ఉంది. గిన్నె మోగడంలేదు. క్లచ్చి వదిలితే అక్కడ మనిషి ఉందో లేదో.

కంగుమని ఒకసారి. మళ్లీ రెండుసార్లు.

మొదటి గేరు వేసి క్లచ్చి వదిలాను. చక్రాలు గోనెల మీద తిరిగి, ఒక గోనెను వెనక్కి విసిరేసి, రెండోదాన్ని పట్టుకున్నాయి. బంపరు గోడకు ఆనింది. బండి అక్కడే నిలబడి మూలిగింది. గోడ కదల్లేదు. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కాను. ఉలితో మేము వదులు చేసిన రాయి ముందు లోపలికి పోయింది, దాని వెంట దాని మీదివి, తరువాత ఒక్కసారిగా అన్నీ. బానెట్టు రాళ్లు పగలగొట్టుకుంటూ మస్తాన్‌బీ ఇంట్లోకి పోయింది. తాళం తిప్పి ఆపేశాను.

ఇన్నేళ్లు బాగుచేసిన బండి నడిచింది అంత దూరమే. ఒక గది నుంచి ఇంకో గదిలోకి, అదీ సగం.

పొగ రెండిళ్లలోకీ పరుచుకుని పలచబడింది. బానెట్టు పక్క సందులోంచి దూరి పోయి మస్తాన్‌బీని ఇటు లాక్కొచ్చాం. ఒళ్లు కాలిపోతోంది. ఉప్పు నీళ్లు చెంచాతో పోశాం. గొంతును బట్టి పెద్ద మనిషి అనుకున్నాను. చిన్న మనిషి. తిరపతమ్మ చంకలో ఇమిడిపోయింది.

ఎనిమిది

మస్తాన్‌బీ చెప్పినట్టే అయింది. ఆఫీసు గొంతు ఉదయం చెప్పింది. నడిమి గోడకు చిల్లి పడినందున ఈ ఇల్లు గాలి పోయే ఇల్లుగా రాశారట, చలవ పావుకు తగ్గించారట, తనిఖీ ఎండ పసుపుకు దిగాకేనట. వందనాలు కూడా చెప్పింది.

బండి చుట్టూ ఉన్న సందుల్లో బొంతలు, చాపలు కుక్కాం. అయినా ఆ ఇంటి వేడి ఇటు వస్తూనే ఉంది. పావు చలవ ఇల్లంతా తిరిగేసరికి ఏమీ మిగలడంలేదు. మధ్యాహ్నానికి మంచం పట్టెలు కూడా ముట్టుకోలేకపోయాం. మస్తాన్‌బీ మళ్లీ మాటలు తగ్గించింది. తిరపతమ్మ నా వంక చూసి, "ఏందయ్యా, ఏదో ఒకటి చెయ్," అంది.

ఇంత పెద్ద ఇంటికి పావు చలవ చాలదు. చిన్న గదికి చాలొచ్చు. మా ఇంట్లో దానికన్నా చిన్న గది లేదు, బండి తప్ప. బానెట్టు అటు ఉన్నా కూర్చునే భాగమంతా ఇటే ఉంది. ముందు అద్దం బీటలు వారింది కాని రాలలేదు. చలవ గొట్టానికి ట్యూబు మళ్లీ తగిలించి, కొస నా వైపు కిటికీ సందులోంచి లోపలికి పెట్టి చుట్టూ గుడ్డ కుక్కాను. ఆడవాళ్లిద్దరినీ వెనక కూర్చోబెట్టాను. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను.

"ఎక్కడికి పోనిస్తావన్నా?" అంది మస్తాన్‌బీ.

"ముందు టిక్కెట్లు కొట్టు," అంది తిరపతమ్మ.

వెనక ఎడమ కిటికీ అద్దం మాత్రం నిలవడంలేదు. లోపల దాన్ని ఎత్తిపట్టే పట్టాలు ఇంకా బిగించలేదు. వదిలితే తలుపులోకి జారిపోతుంది, చలవంతా బయటికి పోతుంది. చెక్క దోపితే జారింది, గుడ్డ దోపినా జారింది. అరచేత్తో పైకి నొక్కి పట్టుకుంటే తప్ప ఆగదు. మొదట మస్తాన్‌బీ పట్టుకుంది, వద్దంటే వినలేదు. చెయ్యి వణకడం మొదలుపెట్టాక తిరపతమ్మ తీసుకుంది.

కాసేపటికి లోపల చెమట ఆరింది. మస్తాన్‌బీ నుదురు ముట్టుకుని చూసి తిరపతమ్మ తల ఊపింది. బయట రేకులు ఎండకు టకటకమంటున్నాయి. ఎండ ఎన్నాళ్లకు దిగుతుందో ఆఫీసు చెప్పదు, మేము అడగలేదు.

"ఏం రాస్తన్నావన్నా అంతసేపు?" అంది మస్తాన్‌బీ.

"అయిపోయింది," అన్నాను. ఆమెతోనే అన్నాను.

తిరపతమ్మ చెయ్యి లాగుతోందంటోంది. నేను వెనక్కి జరగాలి. అద్దం పట్టుకునే వంతు నాది.